ఎముక అతకకపోతే: అయస్కాంత పరికరమా, అల్ట్రాసౌండా, మళ్లీ ఆపరేషనా?

ఏడో నెల ఎక్స్‌రే తెచ్చిన రోజు మా తమ్ముడు దాన్ని కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. మోకాలి కింది పెద్ద ఎముకలో పొడవునా తెల్లగా రాడ్, పైనా కిందా స్క్రూలు, మధ్యలో ఏటవాలుగా సన్నటి నల్లగీత. బైక్ మీంచి పడ్డ రోజు తీసిన ఫిల్ములోనూ ఆ గీత అక్కడే ఉంది. “వాకర్ లేకుండా నడుస్తున్నాను కదా, ఇదింకా పోలేదేంటి?” అన్నాడు.

ఆ వారం సలహాలకి కొదవ లేదు. ఆపరేషన్ చేసిన డాక్టరుగారు రాడ్ మార్చి, అవసరమైతే తుంటి దగ్గర్నుంచి ఎముక తీసి వేద్దామన్నారు. వీధి చివర ఫిజియోథెరపీ సెంటర్లో ‘మ్యాగ్నెట్ థెరపీ’ ముప్పై సిట్టింగులు, ఒక్కోటి ఇరవై నిమిషాలు అన్నారు. డాలస్‌లో ఉన్న బాబాయి కొడుకు ఫోన్ చేసి, ఇక్కడ ఇంట్లోనే కాలికి కట్టుకునే పరికరం ఇస్తారు, అక్కడా కనుక్కోండి అన్నాడు. మేనత్త పుత్తూరు కట్టు అంది. అమ్మ ఎవరినీ ఏమీ అడక్కుండా చేతులకి నూనె రాసుకుని నల్లేరు కోయడానికి కూర్చుంది.

చివరి రెండూ ముందే తేల్చేస్తాను. నల్లేరు పచ్చడి అన్నంలో కలుపుకుని తినండి, రుచిగా ఉంటుంది, కానీ దాని మీద భరోసా పెట్టుకుని నెలలు గడపొద్దు. పుత్తూరు కట్టు పేరున్నదే, కాదనను. కానీ లోపల రాడ్డో ప్లేటో ఉండి కూడా అతకని ఎముకకి పైనుంచి వేసే కట్టుతో ఒరిగేదేమీ లేదు. పైగా లాగడం, తోమడం లాంటివి చేస్తే పడబోతున్న అతుకు కూడా చెదిరిపోవచ్చు.

మిగిలిన దారుల గురించి నాలుగైదు నెలలు చదివి, అడిగి, ఇంట్లో చూసి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. మీ ఎక్స్‌రే చూసే డాక్టరుగారితో మాట్లాడేటప్పుడు ఏం అడగాలో తెలియడానికి ఇది పనికొస్తే చాలు.

## పరికరం సంగతి తర్వాత, ముందు కారణం

మేం చేసిన మొదటి పొరపాటు ‘ఏ మెషీన్ మంచిది’ దగ్గర మొదలుపెట్టడం. ‘ఎందుకు అతకలేదు’ దగ్గర మొదలుపెట్టి ఉంటే నెల రోజులు మిగిలేవి. సర్జన్లు చూసేవి ఇవి.

కదలిక. విరిగిన కొనల చుట్టూ కొత్త ఎముక మబ్బులా బోలెడంత పేరుకుని, మధ్యలో గీత మాత్రం అలాగే ఉంటే, శరీరం ప్రయత్నిస్తోందిగానీ కొనలు కదులుతున్నాయని అర్థం. కొనలు వెడల్పుగా ఏనుగు పాదంలా కనిపిస్తాయి, డాక్టర్లు అలాగే పిలుస్తారు కూడా. దీనికి కావలసింది గట్టి పట్టు.

ప్రాణం లేకపోవడం. కొనలు సన్నబడి, చుట్టూ ఏ మబ్బూ లేకుండా ఖాళీగా ఉంటే అక్కడ రక్తప్రసరణ సరిగా లేదని. పట్టు ఒక్కటే సరిపోదు, కొత్త ఎముక తెచ్చి పెట్టాల్సి రావచ్చు.

ఖాళీ. కొనల మధ్య దూరం సెంటీమీటరు దాటితే, లేదా ఆ ఎముక మందంలో సగం దాటితే, బయటనుంచి పెట్టే ఏ పరికరమూ దాన్ని పూడ్చదు.

ఇన్ఫెక్షన్. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చిన గాయమైతే దీన్ని గట్టిగా అనుమానించాలి. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేయిస్తారు. అవి మామూలుగా ఉన్నంతమాత్రాన ఇన్ఫెక్షన్ లేదని పూర్తిగా చెప్పలేం.

మనిషి. సిగరెట్, అదుపులో లేని షుగర్, తక్కువ విటమిన్ డి, నెలల తరబడి మింగిన పెయిన్‌కిల్లర్లు. మా వాడిది మొదటిది. రోజుకి ఎన్ని అని డాక్టరుగారు అడిగితే “అప్పుడప్పుడూ” అన్నాడు. చొక్కా జేబులో పెట్టె కనిపిస్తూనే ఉంది.

వీటికి తోడు కాలం. ఆలస్యంగా అతకడం వేరు, అతకడం ఆగిపోవడం వేరు. మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ లెక్కలో దెబ్బ తగిలి 9 నెలలైనా అతకకుండా, అందులో చివరి 3 నెలలు ఎక్స్‌రేలో ఏ మార్పూ లేకపోతే దాన్ని ‘నాన్ యూనియన్’ అంటారు. ఏడో నెలలో ఉన్నవాడికి ఇంకా ఆ ముద్ర పడనట్టే. అయితే రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి పోల్చందే ఏదీ చెప్పలేం, కాబట్టి పాత ఫిల్ములు పారేయకండి.

## దారులన్నీ ఒక చూపులో

| దారి | ఎవరికి పనికొస్తుంది | రోజువారీ శ్రమ | రుజువు ఎంత గట్టిది | పెద్ద ఇబ్బంది |
|---|---|---|---|---|
| ఆగి చూడడం | 6 నెలల లోపు, కొనలు బాగా ఆనుకుని ఉంటే | ఏమీ లేదు | కాలి ఎముక విషయంలో బాగానే ఉంది | టెన్షన్, పోయే జీతం |
| అయస్కాంత క్షేత్రం (పీఈఎంఎఫ్) | పట్టు గట్టిగా ఉండి, ఖాళీ లేకుండా, ఇన్ఫెక్షన్ లేకుండా మందకొడిగా ఉంటే | పరికరాన్ని బట్టి అరగంట నుంచి 10 గంటల దాకా | చిన్న ట్రయల్స్, మిశ్రమ ఫలితాలు | నెలల తరబడి పట్టుదల |
| అల్ట్రాసౌండ్ (లైపస్) | పై రకమే, చర్మానికి దగ్గరగా ఉన్న ఎముక | 20 నిమిషాలు | కొత్త ఫ్రాక్చర్లకి పనిచేయదని తేలింది, పాతవాటికి బలహీనం | డబ్బు, కట్టులో కిటికీ కోయాలి |
| లోపల అమర్చే కరెంటు | ఎలాగూ ఆపరేషన్ చేస్తున్నప్పుడు | ఏమీ లేదు | మితంగా | బ్యాటరీ తీయడానికి మళ్లీ కోత |
| రాడ్ మార్చడం, గ్రాఫ్ట్ (వేరేచోటి ఎముక తెచ్చి వేయడం) | కదలిక, ఖాళీ, రక్తప్రసరణ లేకపోవడం | ఆపరేషన్, కోలుకోవడం | అన్నిటికన్నా గట్టిది | మత్తు, ఇన్ఫెక్షన్ ముప్పు, ఖర్చు |

## ఆగి చూడడం

దీన్ని జనం చికిత్సగా లెక్కపెట్టరు. డాక్టరు ‘ఇంకో రెండు నెలలు చూద్దాం’ అంటే ఏమీ చేయట్లేదనుకుంటారు. మోకాలి కింది ఎముకకి రాడ్ వేసిన 1226 మంది మీద చేసిన స్ప్రింట్ అనే పెద్ద అధ్యయనం 2008లో వచ్చింది. అందులో వీలైనంతవరకు మొదటి 6 నెలలు మళ్లీ ఆపరేషన్ చేయకూడదని నియమం పెట్టుకున్నారు. చివరికి అతకలేదని రాడ్ మార్చాల్సి వచ్చినవాళ్లూ, గ్రాఫ్ట్ వేయాల్సి వచ్చినవాళ్లూ కలిపి 57 మంది, అంటే 4.6 శాతం. తొందరపడి తెరిచి ఉంటే ఇంకా చాలామంది రెండోసారి బల్ల ఎక్కేవాళ్లే.

ఆగడమంటే ఊరికే కూర్చోవడం కాదు. సిగరెట్ మానడం, షుగర్ దారిలో పెట్టడం, డాక్టరు చెప్పినంత బరువు కాలి మీద వేయడం ఈ రోజుల్లోనే జరగాలి. బరువు పడితేనే కొనలు ఒకదానికొకటి నొక్కుకుంటాయి. భయంతో కాలు గాల్లో పెట్టుకుని ఆరునెలలు గడిపేవాళ్లకి ఇది ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి.

## అయస్కాంత క్షేత్రం: పేరులో ఉన్నంత మాయ లేదు

కథ 1957లో జపాన్‌లో మొదలవుతుంది. ఎండు ఎముకని నొక్కితే దానిలో సూక్ష్మంగా విద్యుత్తు పుడుతుందని ఫుకడా, యసుడా చూపించారు. ఎముక తన మీద పడే బరువుని ఆ సంకేతాలతో ‘వింటుంది’ అయితే, బయటనుంచి అలాంటి సంకేతమే పంపితే పెరుగుతుందా అన్నది తర్వాతి ప్రశ్న. న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీకి చెందిన ఆండ్రూ బాసెట్ బృందం తీగచుట్టల్లో ఆగి ఆగి కరెంటు పంపించి ఆ పని చేసింది. చుట్టలో కరెంటు మారుతుంటే అయస్కాంత క్షేత్రం మారుతుంది, అది మారుతుంటే కణజాలంలో చిన్న విద్యుత్తు పుడుతుంది. స్కూల్లో చదివిన ఫారడే సూత్రమే. 1979లో ఎఫ్‌డీఏ దీన్ని అతకని ఎముకల కోసం అనుమతించింది.

ఇక్కడే ఒక మాట. బజారులో దొరికే అయస్కాంతపు కంకణాలు, బెల్టులు, పరుపులు ఈ కోవలోకి రావు. వాటి క్షేత్రం మారదు. మారని క్షేత్రం విద్యుత్తు పుట్టించదు.

పరికరం చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది: కాలి చుట్టూ కట్టుకునే పట్టీ, అందులో తీగచుట్ట, ఒక చిన్న బ్యాటరీ పెట్టె. నొప్పి ఉండదు, వేడి ఉండదు, చర్మానికి తగలనక్కర్లేదు. పిండికట్టు మీద నుంచే పనిచేస్తుంది. లోపల టైటానియం రాడ్డో స్టీలు ప్లేటో ఉన్నా సాధారణంగా అడ్డు కాదు. మా వాడు మొదటిరోజు అరగంట పెట్టుకుని “ఇది ఆన్‌లోనే ఉందా?” అని మూడుసార్లు అడిగాడు. ఏమీ తెలియకపోవడమే దాని సుగుణం, అదే దాని మీద నమ్మకం కలగకపోవడానికి కారణం కూడా.

పనిచేస్తుందా? నాకు బాగా నచ్చిన కథ ఇంగ్లండులో షెఫీల్డ్‌ది. 1984లో అక్కడ ఆంథొనీ బార్కర్, సర్జన్ షరార్డ్ తదితరులు అతకని కాలి ఎముక ఉన్న 16 మందిని తీసుకుని, కొందరికి అసలు పరికరం, కొందరికి పైకి అలాగే కనిపించే ఉత్తి పరికరం ఇచ్చారు. ఎవరిది ఏదో రోగులకీ తెలియదు, డాక్టర్లకీ తెలియదు. ఉత్తి పరికరం కట్టుకున్నవాళ్లకీ దాదాపు అదే స్థాయిలో అతికింది! ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నవి కట్టు, విశ్రాంతి, కాలం. (ఈ బార్కర్ బృందమే మరుసటి ఏడాది బయటనుంచి అయస్కాంతంతో మెదడుని ప్రేరేపించే యంత్రం చేసింది. ఆయన చుట్టలు కాలి దగ్గర ఓడి తల దగ్గర గెలిచాయి.)

షరార్డ్ అక్కడితో వదల్లేదు. 1990లో మరో ట్రయల్ ప్రచురించాడు: ఆలస్యంగా అతుకుతున్న 45 కాలి ఎముకలు, రోజుకి 12 గంటలు, 12 వారాలు. అసలు పరికరం ఉన్న 20లో 9 అతికాయి, ఉత్తి పరికరం ఉన్న 25లో 3. తేడా కొట్టొచ్చినట్టు ఉంది. కానీ అతకనివి 11 ఉన్నాయని కూడా చూడాలి.

ఇలాంటి నాలుగు ట్రయల్స్ కలిపి 2011లో కోక్రేన్ (వైద్య అధ్యయనాలని కలిపి తూకం వేసే సంస్థ) సమీక్ష చేశారు. మొత్తం మనుషులు 125 మందే. మొగ్గు పరికరం వైపు ఉందిగానీ, యాదృచ్ఛికం కాదని చెప్పేంత గట్టిగా లేదు. 2016లో విద్యుత్ పద్ధతులన్నీ కలిపి 15 ట్రయల్స్ చూసిన ఇంకో విశ్లేషణలో ఎక్స్‌రేలో అతకకపోయే ముప్పు సుమారు 35 శాతం తగ్గింది. అదే అప్పుడే విరిగిన కాలి ఎముకకి పెట్టి చూసిన ఆస్ట్రేలియా ట్రయల్‌లో లాభమేమీ కనబడలేదు. నా లెక్కలో సారాంశం: కొత్తగా విరిగినదానికి దండగ, ఆలస్యమవుతున్నదానికి ఆశ పెట్టుకోవచ్చు, గ్యారంటీ లేదు.

గంటల సంగతి దీనికన్నా ముఖ్యం. 1991లో వచ్చిన ఒక పరిశీలనలో రోజుకి 3 గంటలకి మించి వాడినవాళ్లలో 80 శాతం మందికి అతికితే, అంతకన్నా తక్కువ వాడినవాళ్లలో 36 శాతానికే అతికింది. పోల్చడానికి ఉత్తి పరికరం గుంపు లేదు కాబట్టి, శ్రద్ధగా కట్టుకున్నవాళ్లు మిగతా జాగ్రత్తలూ శ్రద్ధగానే తీసుకుని ఉండొచ్చు. అయినా తేడా చిన్నది కాదు. మా ఇంట్లో పరికరానికి గంటలు లెక్కపెట్టే మీటరు ఉంది. తమ్ముడు “రోజూ ఐదు గంటలు” అనేవాడు. నెలాఖరున మీటరు చూసి రోజులతో భాగిస్తే రెండుంపావు వచ్చింది. ఆ తర్వాత రాత్రి పడుకునే ముందు కట్టి, పొద్దున విప్పే ఏర్పాటు చేశాం. అప్పుడు ఆరు దాటింది.

ఇప్పుడు వీధి చివరి సెంటరు సంగతి. రోజుకి అరగంట చాలనే రకం పరికరం నిజంగానే ఉంది, అనుమతి కూడా ఉంది, కానీ దాని సంకేతమే వేరు. గంటలు గంటలు వాడాల్సిన సంకేతాన్ని ఇరవై నిమిషాలు పెడితే సరిపోదు. అలాగే నడుంనొప్పికి, మెడనొప్పికి వాడే మ్యాగ్నెట్ మెషీన్ని విరిగిన ఎముకకి పెట్టి అదే ఇదీ అనడం కుదరదు. కాబట్టి ‘ఇది నాన్ యూనియన్‌కి అనుమతి ఉన్న మోడలేనా, రోజుకి ఎన్ని గంటలని దాని పుస్తకంలో రాసి ఉంది’ అని అడగండి. పుస్తకం చూపించకపోతే ప్యాకేజీ కట్టకండి.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు, కార్డియాలజిస్టు చెప్తే తప్ప. గర్భిణులకీ, ఎముకలు ఇంకా పెరుగుతున్న పిల్లలకీ సురక్షితమని తేలలేదు.

## అల్ట్రాసౌండ్

రోజుకి 20 నిమిషాలే, అందుకే అందరికీ ముందు ఇదే నచ్చుతుంది. కడుపు స్కానింగ్‌లా జెల్ రాసి చిన్న తల ఆనిస్తారు. ఎక్సోజెన్ అనే పరికరం పేరు ఎక్కువగా వినిపిస్తుంది. చర్మానికి ఆనాలి కాబట్టి కట్టు ఉంటే దానిలో కిటికీ కోయాలి. తొడ ఎముక లాంటి లోతైనచోట గురి కుదర్చడం కష్టం, ముంజేయి, మోకాలి కింద తేలిక.

రుజువు మాత్రం నిరాశపరిచింది. 501 మంది కాలి ఫ్రాక్చర్ రోగుల మీద చేసిన ట్రస్ట్ ట్రయల్ 2016లో వచ్చింది. ఎక్స్‌రేలో అతకడంలోనూ తేడా లేదు, మామూలు పనుల్లోకి తిరిగి రావడంలోనూ లేదు. మరుసటి ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్ నిపుణుల ప్యానెల్ దీన్ని వాడొద్దని గట్టిగానే సిఫారసు చేసింది. అంతకుముందు 2013లో బ్రిటన్‌లో ఏ చికిత్సకి ప్రభుత్వ డబ్బు పెట్టొచ్చో సలహా చెప్పే నైస్ సంస్థ మాత్రం 9 నెలలైనా అతకని పొడవాటి ఎముకలకి ఎక్సోజెన్‌ని సమర్థించింది, ప్రధానంగా ఆపరేషన్ ఖర్చు తప్పుతుందన్న లెక్కతో. రోజుకి గంటలు కేటాయించలేనివాడు, ఆపరేషన్‌కి తగనివాడు అయితే ఆలోచించొచ్చు. సొంత డబ్బు పెట్టి కొత్త ఫ్రాక్చర్‌కి తెచ్చుకోవడం నాకైతే నచ్చదు.

## లోపల అమర్చే కరెంటు

ఆపరేషన్‌లో విరిగినచోట తీగ పెట్టి, చర్మం కింద బ్యాటరీ అమరుస్తారు. 20 మైక్రో ఆంపియర్ల కరెంటు రాత్రీ పగలూ వెళ్తుంటుంది. గంటలు మర్చిపోయే బెడద లేదు. ఆరు నుంచి తొమ్మిది నెలల తర్వాత బ్యాటరీ తీయడానికి ఇంకో చిన్న కోత పడుతుంది. ఎలాగూ తెరిచి గ్రాఫ్ట్ వేస్తున్నప్పుడు డాక్టరు ప్రస్తావిస్తే వినండి, అంతవరకే.

## మళ్లీ ఆపరేషన్

చిన్నదీ ఉంది, పెద్దదీ ఉంది. చిన్నది: రాడ్‌కి ఒక చివర ఉన్న స్క్రూ తీసేయడం. అప్పుడు నడిచేటప్పుడు కొనలు దగ్గరికి జరిగి నొక్కుకుంటాయి. కొద్దిసేపటి పని. అన్ని విరుగుళ్లకీ సరిపోదు, ముక్కలైన ఎముక అయితే కాలు పొట్టి కావచ్చు.

పెద్దది: పాత రాడ్ తీసి, లోపలి దారి తొలిచి వెడల్పు చేసి, లావు రాడ్ వేయడం. తొలిచినప్పుడు రాలే పొడి కూడా గ్రాఫ్ట్‌లా ఉపయోగపడుతుంది. ఇన్ఫెక్షన్ లేని కాలి ఎముకలో ఎక్కువ నివేదికలు పదిలో ఎనిమిది, తొమ్మిది అతికాయనే చెప్తాయి. ప్రాణం లేని కొనలైతే తుంటి నుంచి ఎముక తీసి వేస్తారు. చాలామంది కాలి కన్నా తుంటి దగ్గర నొప్పే ఎక్కువ రోజులు ఉందంటారు, ముందే తెలుసుకుని ఉండండి. ఖాళీ పెద్దదైతే, ఇన్ఫెక్షన్ పట్టి ఉంటే, సోవియట్ సర్జన్ ఇలిజరోవ్ కుర్గాన్‌లో తయారుచేసిన రింగుల పద్ధతి లాంటివి. అది నెలల వ్యవహారం. అక్కడ అయస్కాంతం ఊసెత్తడం కూడా టైమ్ వేస్ట్.

## ఎవరు ఏ వైపు మొగ్గాలి

రోజుకూలీ, డ్రైవర్, కాలు నిలబడితేనే ఇల్లు గడిచేవాళ్లు: కదలిక కారణమని తేలితే, మూడు నాలుగు నెలలు పరికరం కట్టుకుని చూడడం మీకు చవక కాదు. పోయే కూలి కూడా ఖర్చే. ఆపరేషన్‌తో త్వరగా తేలేదే మేలు కావచ్చు.

గుండె బలహీనంగా ఉండి మత్తు ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడే పెద్దవాళ్లు: అయస్కాంతం నిజంగా పనికొచ్చే గుంపు ఇదే, పేస్‌మేకర్ లేకపోతే. ఇంట్లో ఎవరో ఒకరు రోజూ కట్టి, మీటరు చూడాలి. నాన్నగారే చూసుకుంటారులే అనుకుంటే జరగదు.

ఇంటి నుంచే కంప్యూటర్ పని చేసుకునేవాళ్లు: గంటలు మీకు సమస్య కాదు. పట్టు గట్టిగా ఉండి, ఖాళీ లేకపోతే ఆపరేషన్‌కి ముందు ఒక అవకాశం ఇచ్చి చూడొచ్చు.

సిగరెట్ మానలేనివాళ్లు: ఏ దారికైనా డబ్బు పెట్టేముందు అదే. మానకుండా రాడ్ మార్చినా ఇదే కథ తిరిగి రావచ్చు.

అమెరికాలో ఉన్నవాళ్లు, అక్కడికి వెళ్లిన తల్లిదండ్రులు: మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్లకి అక్కడి ప్రభుత్వ ఇన్సూరెన్స్) అయితే మూడు నెలలైనా అతుకులో పురోగతి లేదని వరుస ఎక్స్‌రేల్లో కనిపించాలి. మిగతా ఇన్సూరెన్సుల నియమాలు ముందే అడగండి. ఇండియాలో తీసిన ఎక్స్‌రేలు తేదీలతో సహా వెంట తీసుకెళ్లండి.

మా వాడికి ఇన్ఫెక్షన్ లేదు, ఖాళీ లేదు, చుట్టూ కొంచెం మబ్బు ఉంది. డాక్టరుగారు ఒక స్క్రూ తీసేశారు, అద్దెకి పరికరం తెచ్చాం, సిగరెట్ మానాడు (ఈసారి జేబు కూడా ఖాళీ). పన్నెండో నెల ఎక్స్‌రేలో గీత మూడు వైపులా మూసుకుపోయింది. మూడింట్లో దేనివల్ల అని డాక్టరుగారిని అడిగితే నవ్వి ఊరుకున్నారు. అమ్మకి మాత్రం ఏ సందేహమూ లేదు, నల్లేరే.

మీరు పరికరం వైపే వెళ్తే కొనేముందు అద్దెకి దొరుకుతుందేమో కనుక్కోండి. మొదలుపెట్టిన రోజు ఒక ఎక్స్‌రే, 3 నెలలకి అదే కోణాల్లో, వీలైతే అదే ల్యాబులో ఇంకోటి తీయించండి. రెండూ ఒకేలా ఉంటే, మీటరులో గంటలు సరిపోయి ఉంటే, ‘ఇంకో మూడు నెలలు’ అని పొడిగించకుండా ఆ ఫిల్ములు తీసుకుని నేరుగా సర్జన్ దగ్గరికి వెళ్లండి.